డీజిల్ బండి దారిలో ఆగిపోతా ఉండాది: క్రాంక్ సెన్సారా, పంపా? ఎవురి మాట వినేది?

అలిపిరి_డీజిల్:
అన్నలూ, తల తిరిగిపోతా ఉండాది నాకు. 2013 మోడల్ డీజిల్ సెడాన్, 1,42,000 కిలోమీటర్లు తిరిగింది, కంపెనీ పేరు వద్దులే, పేరు చెప్తే చర్చ అట్ల పోతాది. పొద్దున సెల్ఫ్ కొడితే సగం సెల్ఫ్‌కే అందుకుంటాది, ఊర్లో ఎంత తిరిగినా ఏం కాదు. లాంగ్ పోయినప్పుడే, అదీ అరగంట ముప్పావుగంట తర్వాత, ఎక్కుడు వచ్చిందంటే చాలు ఆఫ్. పోయిన శనివారం కొండకి పోతా ఉంటే సగం ఘాట్‌లో ఆగిపోయింది, వెనక బస్సు, పక్కన మా అమ్మ గోవిందా గోవిందా అంటా ఉండాది, నాకు చెమటలు. ఎంత సెల్ఫ్ కొట్టినా లేదు. ఫోన్లో మెకానిక్ చెప్పినట్టు ఫిల్టర్ దగ్గర హ్యాండ్ పంపు ఒక ఐదు నిమిషాలు కొట్టినాను, ఇరవై నిమిషాలకి స్టార్ట్ అయింది, ఏమీ జరగనట్టే కొండెక్కింది. ఇట్లా మూడుసార్లు అయింది.
ఒక షెడ్డులో స్కానర్ పెట్టి పీ0087 అనే కోడ్ వచ్చింది, పంపు, ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లు రీకండిషన్, 52 వేలు అన్నారు. ఇంకో ఆయన స్కానర్ కూడా పెట్టకుండా క్రాంక్ సెన్సార్, రెండు వేలతో అయిపోతాది అంటాడు. ఎవురిది కరెక్టు?

పాకాల_రెంచి:
రెండో ఆయనదే కరెక్టు. వేడికి ఆగి, చల్లారితే స్టార్ట్ అయితే అది క్రాంక్ సెన్సారే, కళ్ళు మూసుకోని చెప్తా. లోపల ఉండే కాయిల్ తీగ వేడికి వ్యాకోచించి తెగినట్టు అయితాది, చల్లారినంక మళ్ళీ కలుసుకుంటాది. క్రాంక్, అదే ఇంజన్లో తిరిగే ఇరుసు, తిరుగుతా ఉందని ఈసీయూకి, అంటే ఇంజన్ కంప్యూటర్‌కి తెలీకపోతే ఇంజెక్టర్‌కి కరెంటే ఇవ్వదు. మా మామ బండికి ఇదే, ఆయప్ప దానికి ముందు ఫిల్టర్లు, రిలేలు, బ్యాటరీ అన్నీ మార్చినాడు.

కొండ_ట్యాక్సీ:
అప్పా ఆ పీ0087 అంటే రైల్ ప్రెషర్, అదే ఇంజెక్టర్లకి డీజిల్ అందించే పైపులో ఒత్తిడి, తక్కువ అని. సెన్సార్ పోతే పీ0335 రావాల కదా. స్కానర్ చెప్పింది ఇడిసిపెట్టి జాతకం చెప్తే ఎట్లా?

పాకాల_రెంచి:
అన్నా ఆ సెన్సార్ ఉండీ లేనట్టు పోతా వస్తా ఉంటే చానా బండ్లల్లో కోడ్ పడదు. ఇంజన్ ఆగినాక ప్రెషర్ పడిపోవడం మామూలే, దాన్ని ఈసీయూ రాసిపెట్టుకోని ఉండొచ్చు. ఆగినందుకు ప్రెషర్ పడిందా, ప్రెషర్ పడినందుకు ఆగిందా, ఆ కోడ్ చూసి చెప్పలేం.

చిత్తూరు_పాత_డీజిల్:
పాకాల తమ్ముడూ ఆ చివరి మాట వరకు ఒప్పుకుంటా. కానీ వేడికి ఆగితే సెన్సారే అనేది మాత్రం తప్పు. వేడెక్కితే డీజిల్ పలచబడుతుంది. పంపు లోపల, ఇంజెక్టర్ లోపల అరుగుదల ఉంటే పలచని డీజిల్ ఆ సందుల్లోంచి రిటర్న్‌లోకి, అంటే ట్యాంకుకి తిరిగిపోయే పైపులోకి జారిపోతుంది, రైల్లో ప్రెషర్ నిలబడదు, చల్లారితే మళ్ళీ నిలబడుతుంది. అంటే ఇంజెక్టర్ రోగం కూడా అచ్చం సెన్సార్ రోగం లాగానే కనిపిస్తుంది. లక్షన్నర దగ్గర పడిన బండికి ఇది వింతేం కాదు. నేను 52 వేలు పెట్టమనట్లేదు, ఆ షెడ్డు వాళ్ళ మాటని నవ్వి కొట్టేయొద్దు అంటున్నా అంతే.

బైపాస్_బాబు:
ఇదంతా ఇథనాల్ మహిమ అన్నా. 20 శాతం కలిపి ఇంజన్లు నాశనం చేస్తా ఉండారు.

కొండ_ట్యాక్సీ:
సామీ అది పెట్రోల్లో. ఈయనది డీజిల్.

బైపాస్_బాబు:
సరే సరే. మరి నీళ్ళు కలిసినాయేమో?

చిత్తూరు_పాత_డీజిల్:
అది అడగదగ్గదే. ఫిల్టర్ అడుగున ఉండే డ్రెయిన్ మర తిప్పి ఒక గాజు సీసాలో పట్టు, రాత్రంతా కదిలించకుండా పెడితే నీళ్ళు కిందికి దిగి గీత కనిపిస్తుంది. పైసా ఖర్చు లేదు. ఎక్కడ కొట్టిస్తావు డీజిల్?

అలిపిరి_డీజిల్:
సీసా టెస్టు చేసినాను, నీళ్ళు లేవు. డీజిల్ ఎక్కువ ఈడే, బెంగళూరు పోయినప్పుడు మాత్రం అందరి మాదిరే నంగిలి దాటి కర్ణాటకలోకి పోయినాక ఫుల్లు చేసుకుంటా, రేటు తేడా కదా. అన్నట్టు చెప్పడం మర్చిపోయినా, సర్వీసుకి ఇచ్చి ఫిల్టర్ మార్పించి నెల అయింది.

కొండ_ట్యాక్సీ:
నెల కిందట ఫిల్టర్ మార్చినారా!! ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సిన మాట గదయ్యా. రోగం మొదలైంది ఆ తర్వాతేనా?

అలిపిరి_డీజిల్:
అవునన్నా, ఒక వారం తర్వాత మొదలైంది. కొత్త ఫిల్టర్ కదా, దానిమీద అనుమానమే రాలా.

కొండ_ట్యాక్సీ:
కొత్త ఫిల్టర్ మీద కాదు, అది బిగించిన చెయ్యి మీద అనుమానం. డీజిల్ పైపులోకి గాలి దూరి ఎయిర్ పడతా ఉండాది నీ బండికి. హ్యాండ్ పంపు కొడితే స్టార్ట్ అయింది అన్నావు చూడు, అదే సాక్ష్యం. నేను పదకొండేళ్ళుగా కొండకి బండి తోలతా ఉండా, హ్యాండ్ పంపుకి లేచే బండికి కరెంటు రోగం ఉండదు.

పాకాల_రెంచి:
ఐదు నిమిషాలు పంపు కొట్టి, ఇరవై నిమిషాలు ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టినాడు. ఆ ఇరవై నిమిషాల్లో సెన్సార్ చల్లారలేదా? పంపు కొట్టకుండా ఊరికే కూర్చున్నా స్టార్ట్ అయ్యేదేమో. ఇంకోటి, ఎయిర్ పడితే డీజిల్ కారాల కదా, నీ బండి కింద చుక్క ఉందా?

అలిపిరి_డీజిల్:
చుక్క లేదు. బానెట్ కింద అంతా పొడిగా ఉండాది.

చిత్తూరు_పాత_డీజిల్:
చుక్క లేకపోవడం దేనికీ రుజువు కాదు. ట్యాంకులో కరెంటు మోటారు ఉన్న బండిలో లైన్లో ప్రెషర్ ఉంటుంది, సందు ఉంటే డీజిల్ బయటికి కారుతుంది. ట్యాంకులో మోటారు లేకుండా పెద్ద పంపే లాక్కునే బండిలో ఆ లైను స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగినట్టు, స్ట్రాకి చిల్లి ఉంటే నీళ్ళు కారవు, గాలి లోపలికి పోతుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి ట్యాంకు దగ్గర చెవి పెట్టు, జుయ్ మని వినిపిస్తే మోటారు ఉంది.
పాకాల తమ్ముడు చెప్పిన చల్లారే మాట మాత్రం కరెక్టే, దానికి మన దగ్గర జవాబు లేదు. కాబట్టి వాదన ఆపి బండినే అడుగుదాం. ఏడెనిమిది వందలకి బ్లూటూత్ స్కానర్ వస్తుంది, ఫోన్లో యాప్. దాన్ని పెట్టుకోని తిరుగు. ఆగిపోయిన చోటే, చల్లారనివ్వకుండా, హ్యాండ్ పంపు ముట్టుకోకుండా సెల్ఫ్ కొడతా రెండు అంకెలు చూడు: ఆర్‌పీఎం, రైల్ ప్రెషర్. సెల్ఫ్ తిరుగుతున్నా ఆర్‌పీఎం సున్నా ఉంటే పాకాల తమ్ముడు గెలిచినట్టే. ఆర్‌పీఎం రెండు వందల పైన చూపిస్తా ప్రెషర్ లేవకపోతే డీజిల్ వైపు. బండిని బట్టి 150 నుంచి 250 బార్ దాకా లేస్తేగానీ స్టార్ట్ కాదు. షెడ్డులో చల్లారిన బండికి స్కానర్ పెట్టి ఏం లాభం, జ్వరం తగ్గినాక థర్మామీటర్ పెట్టినట్టు.
ఒక్క మాట, పాత బండ్లకి చేసినట్టు ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి ఎయిర్ తీయాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఇది కామన్ రైల్, రన్నింగ్‌లో వెయ్యి బార్ పైన పోతుంది, ఆ చిమ్మే డీజిల్ చర్మంలోంచి దూరి చెయ్యి తీసేసే దాకా తెస్తుంది.

కొండ_ట్యాక్సీ:
టెస్టు కోసం మళ్ళీ కొండకి పోవద్దు సామీ. ఇంజన్ ఆగితే స్టీరింగ్ రాయి మాదిరి అయితాది, బ్రేకు రెండు మూడు తొక్కుల తర్వాత గట్టిపడిపోతాది. చంద్రగిరి పక్క బైపాస్‌లో ఖాళీ చోట చూసుకో.

(తొమ్మిది రోజుల తర్వాత)

అలిపిరి_డీజిల్:
లేటుకి సారీ, ఇంట్లో పెళ్ళి. ముందు ట్యాంకు దగ్గర చెవి పెట్టినా, జుయ్ లేదు గియ్ లేదు, అంటే నాది లాక్కునే బండే. చంద్రగిరి దాటి పోతా ఉంటే ముందు పికప్ చచ్చింది, రెండు జర్కులు, ఆఫ్. డీజిల్ ముల్లు పావు కంటే కింద ఉండాది. ఆడే సెల్ఫ్ కొట్టి చూస్తే ఆర్‌పీఎం 230, రైల్ ప్రెషర్ 80, 90 మధ్యలో ఊగతా ఉండాది. వంద దాటలా.

పాకాల_రెంచి:
సరే, సెన్సార్ కాదు. ఆర్‌పీఎం వస్తా ఉంది కాబట్టి ఒప్పుకుంటా. కానీ జర్కులు కొట్టి ఆగుతాదని ముందే చెప్పి ఉంటే నేను సెన్సార్ అనేవాణ్ణే కాదు, అది పోతే తాళం తీసేసినట్టు టక్‌మని పోతాది.

కొండ_ట్యాక్సీ:
ముల్లు పావు కింద ఉందంటే ఇంకా గట్టిగా చెప్తా, ఎయిరే. ట్యాంకులో మట్టం తగ్గేకొద్దీ లాగాల్సిన ఎత్తు ఎక్కువ, సందులోంచి గాలి ఈజీగా వస్తాది. ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య ఒక జానెడు ట్రాన్స్‌పరెంట్ పైపు వేయించు, డీజిల్‌కి తట్టుకునేది.

అలిపిరి_డీజిల్:
వేయించినా అన్నా. ఐడిల్‌లో ఏం లేదు, రెండు వేల ఆర్‌పీఎం పట్టి ఉంచితే సోడా మాదిరి బుడగలు!! ఫిల్టర్ నుంచి పోయే పైపు క్లిప్పు కనెక్టర్ పీకి చూస్తే లోపల గాలి దూరకుండా ఉండే రబ్బరు ఓ-రింగు ఒక పక్క మెలిక పడి కోసుకోనుండాది. చూస్తే వెంట్రుకంత గాటు. రింగు దొరకలా, కనెక్టర్‌తో సహా పైపు మార్పించినా, లేబర్‌తో కలిపి 850. నిన్న చిత్తూరు దాటి మొగిలి ఘాట్ దాకా పోయొచ్చినా, ముల్లు రిజర్వ్ దగ్గర ఉన్నా ఆగలా.

కొండ_ట్యాక్సీ:
52 వేలు ఎక్కడ, 850 ఎక్కడ. లడ్డూ బాకీ నాకు.

చిత్తూరు_పాత_డీజిల్:
సంతోషం. అయినా రిటర్న్ టెస్టు ఒకసారి చేయించు. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్‌కీ నాలుగు చిన్న సీసాలు కట్టి ఐడిల్‌లో కాసేపు ఉంచితే ఏది ఎక్కువ వదుల్తుందో తెలుస్తుంది. గాలి పడతా నెల రోజులు తిరిగిన పంపు అది, డీజిలే దానికి ఆయిల్.

అలిపిరి_డీజిల్:
ఈరోజే చేయించినా అన్నా, మీరు అడుగుతారని తెలుసు. మూడు సీసాలు సమానం, మూడో ఇంజెక్టర్ సీసా మాత్రం వాటికి ఒకటిన్నర రెట్లు ఉండాది.

చిత్తూరు_పాత_డీజిల్:
అదొక్కటీ విప్పించి ఇంజెక్టర్ టెస్టు బెంచి మీద చెక్ చేయించు.

పాకాల_రెంచి:
స్టార్టింగ్ బాగుంది, పొగ లేదు, పికప్ ఉంది, దాన్ని ఇప్పుడే కదిలించడం ఎందుకన్నా? తీసేటప్పుడు ఇంకోటి చెడుతాది.

చిత్తూరు_పాత_డీజిల్:
ఒకటిన్నర రెట్లు తమ్ముడూ.

అలిపిరి_డీజిల్:
ఇంజెక్టర్ సంగతి మీరిద్దరూ తేల్చుకోండి, నేను ఆ కోసుకున్న రింగు జేబులో పెట్టుకోని ఫిల్టర్ మార్చిన షెడ్డు కాడికి పోతా ఉండా.