బ్యాటరీ లేని గ్యాస్ సెన్సర్‌ను ప్రాణాల మీదికొచ్చే చోట నమ్మవచ్చా?

పాలిమర్_ల్యాబ్:
కదలిక నుంచో ఒత్తిడి నుంచో తనకు కావలసిన కరెంటు తనే పుట్టించుకునే సెన్సర్లు ఇక బ్యాటరీ డిటెక్టర్ల స్థానంలోకి రావాలని నా వాదన. టిన్ ఆక్సైడ్ సెన్సర్‌ను మామూలుగా 200 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచాలి. కరెంటంతా ఆ హీటరే తినేస్తుంది. పాలీఅనిలిన్ అనే, కరెంటు పారే ప్లాస్టిక్‌లో నానో కణాలు కలిపిన పొరకు ఆ వేడి అక్కర్లేదు. అమ్మోనియా తగలగానే పాలీఅనిలిన్ ప్రోటాన్లు పోగొట్టుకుంటుంది, నిరోధం పెరుగుతుంది, దానికి కలిపిన ట్రైబోఎలక్ట్రిక్ జనరేటర్ (రెండు పొరలు తగిలి విడిపోతుంటే కరెంటు పుట్టించేది) వోల్టేజి మారుతుంది. ఆ మార్పే రీడింగు. ఈ జనరేటర్‌ను జార్జియా టెక్‌లో జాంగ్ లిన్ వాంగ్ బృందం 2012లోనే చూపించింది. ఇంకా ఎన్నాళ్లు ల్యాబ్‌లోనే ఉంచుతాం?

అలారం_సర్వీస్:
మీ కెమిస్ట్రీతో నాకు పేచీ లేదండీ. ఆ వోల్టేజి గ్యాస్ వల్లే మారిందని ఎలా తెలుస్తుంది? అలాంటి పొర ఒకటి నేనూ చేసి, వోల్టేజిని గీతగా చూపే ఆసిలోస్కోప్‌కు తగిలించాను. అమ్మోనియా సీసా మూత కూడా తీయలేదు. వేలితో గట్టిగా తడితే గీత పైకి లేచింది, మెల్లగా తడితే సగానికి పడిపోయింది. దగ్గరికి వంగి ఊపిరి వదిలితే ఇంకా కుంగింది. తేమ పొర మీద చేరితే చార్జ్ నిలవదు మరి.

అసలు టెన్షన్ ఇంకొకటుంది. రాత్రి, మూసిన గది, అందరూ నిద్రలో ఉన్నారు. లీకైతే ఆ పొరను తట్టేదెవరు?

ఇంకా_చదువుతున్నా:
ఒక డౌటు. కార్బన్ మోనాక్సైడ్ ఎలక్ట్రోకెమికల్ సెల్‌లో గ్యాస్ ఆక్సీకరణ చెందినప్పుడు దానికదే కరెంటు వస్తుంది కదా? అదీ స్వయంశక్తి సెన్సరే అవ్వాలిగా?

అలారం_సర్వీస్:
మంచి పాయింటు పట్టారు. అక్కడ కరెంటు పుట్టించేది గ్యాసే, ఎవరూ తట్టక్కర్లేదు. కానీ ఆ కరెంటు చాలా చిన్నది. సైరన్ మోగించాలన్నా, ఫోన్‌కు మెసేజ్ పంపాలన్నా బ్యాటరీ పెట్టాల్సిందే. సెన్సర్ తన కాళ్ల మీద నిలబడితే పరికరమంతా నిలబడినట్టు కాదు. పరిశోధన పేపర్లలో ఈ రెండూ కలిపేస్తున్నారు, నా బాధ అదే.

పాలిమర్_ల్యాబ్:
నిద్రపోయే గది విషయంలో ఒప్పుకుంటున్నానండీ, అక్కడ వద్దు. తట్టే బలం గొడవకు మాత్రం దారి ఉంది. ఒకే దెబ్బ తినేలా రెండు పొరలు పెట్టి, ఒకదాన్ని గ్యాస్ తగలకుండా సీల్ చేసి, రెండింటి నిష్పత్తి తీసుకుంటే బలం తేడా చాలావరకు కొట్టుకుపోతుంది. తేమకు నీటిని అంటనివ్వని పూత వేస్తాం, అది సగం మందే. ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్క మీద, కార్మికుడి బూటు అడుగున కదలికకు కరువుండదు. అక్కడ మొదలుపెడదాం.

అలారం_సర్వీస్:
బూటులో పెట్టండి, కాదనను. కానీ ఆ మనిషి లీకు దగ్గర స్పృహ తప్పి పడిపోయాడనుకోండి, నడక ఆగుతుంది, సెన్సర్ కూడా ఆగుతుంది. అందుకే నడుముకున్న బ్యాటరీ డిటెక్టర్ తీయించకండి. రోజూ షిఫ్ట్ ముందు రెండింటికీ ఒకే గ్యాస్‌తో బంప్ టెస్ట్ (కాస్త గ్యాస్ తగిలించి సెన్సర్ స్పందిస్తోందో లేదో చూడడం) చేయించి, వానాకాలం రీడింగులు కూడా ఇక్కడ పెట్టండి. అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.