నిజాం అశ్వదళం నాటి కత్తి: పాలిష్ చేయించవచ్చా?

హనుమకొండ వాసి:
మా ఇంట్లో తరతరాలుగా ఉన్న ఒక కత్తి విషయంలో తెలిసినవారి సలహా కోరుతున్నాను. మా పూర్వీకులలో ఒకరు నిజాం అశ్వదళంలో పనిచేశారని పెద్దలు చెప్పేవారు. పిడి మన తల్వారు పిడిలాగే, చివర గుండ్రని బిళ్ళతో ఉంది. అలుగు (కత్తి రేకు) మాత్రం బాగా వంపు తిరిగి, ఇరువైపులా ఒక్కొక్క వెడల్పాటి గాడితో, మొన దగ్గర సన్నబడకుండా ఇంకాస్త వెడల్పుగా ఉంది. వెన్ను మీద ఇంగ్లీషు అక్షరాలు లీలగా కనిపిస్తున్నాయి. అలుగు చాలావరకు నల్లబడింది, అక్కడక్కడ ఎర్ర తుప్పు ఉంది. పాలిష్ పనివాడొకరు మిషను మీద పెట్టి అద్దంలా మెరిపిస్తానంటున్నారు. ఇవ్వవచ్చా?

పాత ఆయుధాల అభిమాని:
దయచేసి ఇవ్వకండి. మీరు చెప్పిన లక్షణాలు 1796 నమూనా బ్రిటిష్ తేలికపాటి అశ్వదళపు కత్తివి. లె మార్షాంట్ అనే సైనికాధికారి, బర్మింగ్‌హామ్ కత్తుల తయారీదారు హెన్రీ ఆస్బోర్న్‌తో కలిసి దాన్ని రూపొందించారు. అలుగు పొడవును పిడి ముగిసే చోటు నుంచి మొన వరకు తిన్నగా కొలవండి. 33 అంగుళాలకు అటూ ఇటూగా ఉంటే అనుమానం బలపడుతుంది. తర్వాత చీకటి గదిలో టార్చి కాంతిని వెన్ను మీద ఏటవాలుగా పడనిచ్చి ఫోటోలు తీయండి. ఆస్బోర్న్, గిల్, వూలీ వంటి తయారీదారుల పేర్లు సాధారణంగా అక్కడే చెక్కి ఉంటాయి. పాలిష్ చక్రం కింద మొదట పోయేవి ఆ అక్షరాలే.

ఇంగ్లీషు అలుగుకు మన పిడి ఉన్నంత మాత్రాన కత్తి నకిలీదని అనుకోకండి. బ్రిటిష్ సైన్యం తీసిపారేసిన పాత అలుగులకు నిజాం రౌతులు తమ పిడులు బిగించుకుని, వాదర (పదునైన అంచు) మొద్దుబారకుండా కొయ్య ఒరల్లో ఉంచేవారని బ్రిటిష్ అశ్వదళ అధికారి కెప్టెన్ నోలన్ 1853లో అశ్వదళాలపై ప్రచురించిన పుస్తకంలో రాశారు. ఇనుప ఒరలో పెట్టి తీసినప్పుడల్లా వాదర రాసుకుని మొద్దుబారేది. కాబట్టి మీ కత్తికి కొయ్య ఒర ఉంటే, అదీ పాతదే అయితే, అలుగుతో సమానంగా దాన్నీ కాపాడండి. వాదర వెంబడి కనిపించే పాత సానరాతి గీతలు కూడా ఆ కత్తిని నిజంగా వాడారనడానికి ఆధారాలే.

సంరక్షణ విద్యార్థిని:
నలుపు స్థిరపడిన పొర కాబట్టి దాన్ని ముట్టుకోనక్కరలేదు; పొడిపొడిగా రాలే ఎర్ర తుప్పును మాత్రమే ఆపాలి. ఆ చోట కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి, ఒక రోజు నాననిచ్చి, వెదురు పుల్ల కొసతో నెమ్మదిగా గీకి, మెత్తని నూలుగుడ్డతో తుడవండి. ఎంతకీ రానిదాన్ని వదిలేయండి. నిమ్మకాయ, చింతపండు, గరుకు కాగితం దగ్గరికి రానివ్వవద్దు, ఎందుకంటే పులుపు తుప్పుతో ఆగకుండా ఉక్కునూ తింటుంది. పిడి మీద బంగారు, వెండి తీగ పనితనం ఏమాత్రం కనిపించినా అక్కడ రుద్దవద్దు. చివరగా, లోహానికి తేమ తగలకుండా కాపాడే మైక్రోక్రిస్టలైన్ మైనాన్ని పలుచగా పూయండి. వేళ్ల చెమటలోని ఉప్పే కొత్త తుప్పుకు కారణమవుతుంది కనుక చేతికి గ్లౌజు లేకుండా అలుగును పట్టుకోవద్దు. కత్తిని ఒరలో ఉంచి దాచకండి: కొయ్య, తోలు తేమను పట్టి ఉంచుతాయి. రెండింటినీ పక్కపక్కన, సిలికా జెల్ పొట్లాలతో పొడి పెట్టెలో ఉంచండి.

హనుమకొండ వాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పాలిష్ ఆలోచన మానుకున్నాను. పిడి కాస్త కదులుతోంది, అరల్డైట్‌తో బిగించవచ్చా?

పాత ఆయుధాల అభిమాని:
వద్దండి. తల్వారు పిడి లోపల అలుగు తోకను (పిడిలోకి దూరే సన్నని కొసను) లక్క వంటి జిగురుతో నింపి బిగిస్తారు. అది వేడికి మెత్తబడుతుంది కాబట్టి, నిపుణులు ఎప్పుడైనా విప్పి మళ్లీ బిగించగలరు. అరల్డైట్ గట్టిపడితే ఆ అవకాశం దాదాపు ఉండదు. ప్రస్తుతానికి కదిలించకుండా పడుకోబెట్టి ఉంచండి. అలాగే, నూరేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది, ప్రైవేటు వ్యక్తులు దాన్ని విదేశాలకు పంపకూడదు. ఆయుధ చట్టం ప్రకారం మీ ప్రాంతంలో కత్తికి లైసెన్సు అవసరమా అన్నది పోలీసు కమిషనరేట్‌లో అడిగి తెలుసుకోండి. వెన్ను మీది అక్షరాల ఫోటోలు ఇక్కడ పెడితే తయారీదారు ఎవరో చూద్దాం.