నోటరీ ఇల్లు, గ్రామకంఠం ఇల్లు, ఏజీపీఏ ఫ్లాట్: దేని టైటిల్ నిలుస్తుంది?

శివారు_ఇల్లు:
హైదరాబాద్ శివారులో 60 లక్షల లోపు ఇల్లు చూస్తున్నాం. మూడు తేలాయి.
మొదటిది 120 గజాల ఇల్లు, గ్రామకంఠం అంటున్నారు. పాస్‌బుక్ లేదు. 2009 నాటి రిజిస్టర్డ్ సేల్ డీడ్, ఇంటి పన్ను రసీదులు ఉన్నాయి. రెండోది 150 గజాలు, ధర బాగా తక్కువ. ఉన్నవి నోటరీ కాగితం, కరెంటు బిల్లు మాత్రమే. మూడోది అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఫ్లాట్. అమ్మే ఆయనకు సేల్ డీడ్ లేదు, ఏజీపీఏ (అమ్మకపు ఒప్పందంతో కూడిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉంది. లోను తప్పనిసరి. ఏది చూడొచ్చు, ఏ కాగితాలు అడగాలి?

దస్తావేజు:
నోటరీ ఇల్లు వదిలేయండి. 100 రూపాయలు, ఆ పైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావాల్సిందే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెప్పేది అదే. నోటరీ ధ్రువీకరించేది సంతకాన్ని మాత్రమే, స్థలం ఎవరిదన్నది ఆయన చూడరు. పన్ను రసీదు, కరెంటు మీటరు స్వాధీనానికి ఆధారమేగానీ హక్కుకు కాదు. బ్యాంకు కూడా లోను ఇవ్వదు.

అక్కడ రిజిస్ట్రేషన్ ఎందుకు కాలేదో అడిగితే అసలు విషయం బయటపడుతుంది. చాలాచోట్ల అది అసైన్డ్ భూమి అయి ఉంటుంది. మన దగ్గర లావణి పట్టా అంటారు, ఆంధ్ర వైపు డి-పట్టా అంటారు. పేదలకు సాగు కోసం ప్రభుత్వం ఇచ్చిన ఆ భూమి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. పైన ఇల్లు కట్టినా అమ్మకం చెల్లదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. వక్ఫ్, దేవాదాయ భూములదీ, సీలింగ్ (పరిమితికి మించి ఉందని ప్రభుత్వం తీసుకున్న) భూములదీ ఇంచుమించు ఇదే ఇబ్బంది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 22-ఎ నిషేధిత జాబితా ఉంటుంది, సర్వే నంబరు కొట్టి చూడండి. అందులో లేనంత మాత్రాన స్థలం శుభ్రమని అనుకోవద్దు, తహసీల్దారు ఆఫీసులో భూమి స్వభావం కూడా అడగాలి.

ప్రభుత్వ స్థలాల్లోని ఇళ్లను క్రమబద్ధీకరించే 59 జీవో కింద డబ్బు కట్టించుకుని ప్రభుత్వమే కన్వేయెన్స్ డీడ్ (హక్కు బదిలీ పత్రం) ఇచ్చిన ఇళ్ల సంగతి వేరు. "రెగ్యులరైజ్ అవుతుంది" అంటే లెక్క కాదు, అయిన డీడ్ చేతిలో ఉండాలి.

హద్దురాయి:
గ్రామకంఠం అంటే ఊరి నివాస స్థలం. సాగు భూమి కాదు కాబట్టి పాస్‌బుక్ ఉండదు, అది లోపం కాదు. 2009 డీడ్‌తో ఆగకుండా దానికి ముందున్న లింకు డాక్యుమెంట్లు అడగండి. బ్యాంకు లాయర్లు మామూలుగా 30 ఏళ్ల వరుస చూస్తారు. మధ్యలో ఒక్క లింకు తెగినా లోనుకు వాళ్లిచ్చే లీగల్ ఒపీనియన్ ఆగుతుంది.

ఇక్కడ ఎక్కువ తగాదాలు హద్దుల మీద. ఒక్కో ఇంటికి విడిగా సర్వే సబ్‌డివిజన్ నంబరు ఉండదు కాబట్టి నాలుగు దిక్కులా ఎవరున్నారో అదే ఆధారం. "తూర్పు: ఫలానా వారి ఇల్లు" అని డీడ్‌లో ఉంటే ఇప్పుడక్కడ ఎవరుంటున్నారో చూసుకోండి, టేపు పెట్టి కొలవండి. 120 గజాలంటే 1,080 చదరపు అడుగులు. కొలత తగ్గితే ధర ఆ కొలతకే మాట్లాడండి. దారి సొంతమో, ఉమ్మడో డీడ్‌లో రాసి ఉండాలి.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచి వస్తుంది, అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించాలి. ఇంటి నంబరుతో ఒకసారి, డాక్యుమెంట్ నంబరుతో ఒకసారి తీయండి, ఒకదానిలో రానిది రెండోదానిలో దొరుకుతుంది. కోర్టు కేసులు, రిజిస్టర్ కాని వీలునామా, నోటి మాట పంపకాలు ఈసీలో కనిపించవు. అందుకే ఒరిజినల్స్ కళ్లతో చూడాలి. ఒరిజినల్ పోయిందంటే ఎక్కడైనా తాకట్టులో ఉందేమో ఆరా తీయాలి.

శివారు_ఇల్లు:
ఆ 2009 డీడ్ అమ్మే ఆయన తండ్రి పేరు మీద ఉందండి. ఆయన చనిపోయారు, వీలునామా లేదు. కొడుకు ఒక్కడే సంతకం పెడతానంటున్నాడు.

హద్దురాయి:
ఒక్క సంతకం చాలదండి. హిందూ కుటుంబమైతే తండ్రి స్వార్జితానికి భార్య, కొడుకులు, కూతుళ్లు అందరూ వారసులే. పెళ్లయిన కూతురికీ సమాన వాటా ఉంది. ఆయన చనిపోయే నాటికి ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా, దీన్ని చాలామంది మర్చిపోతారు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని అందులోని అందరితో డీడ్‌లో సంతకం పెట్టించండి, లేదా ముందుగా మిగతావాళ్లు తమ వాటా వదులుకుంటూ కొడుకు పేరున రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ చేయించండి. మైనర్ వాటా ఉంటే కోర్టు అనుమతి కావాలి. అది లేకుండా కొంటే ఆ పిల్లాడు మేజరైన మూడేళ్లలోపు కోర్టుకెక్కొచ్చు.

లింక్_డీడ్:
ఫ్లాట్ గురించి. ఒట్టి జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. మీకు అమ్మే ఆయన ఇంకా ఓనరు కాదు, ఓనరు తరఫున సంతకం పెట్టే అధికారం మాత్రమే ఉంది. జీపీఏ ఇచ్చిన వ్యక్తి చనిపోతే మామూలుగా అది అక్కడితో ముగుస్తుంది. సొమ్ము తీసుకుని ఇచ్చినదానికి మినహాయింపు ఉన్నా కోర్టులో నిరూపించుకోవాలి, బ్యాంకు అంత దూరం రాదు. అసలు ఓనరు బతికి ఉంటే ఆయనే వచ్చి మీకు సేల్ డీడ్ చేయడం అన్నిటికన్నా మేలు. ఆ జీపీఏ రద్దు చేశారేమో ఈసీలో చూడండి.

రెండో అంతస్తు అన్నారు కాబట్టి ఇది ముఖ్యం. జీహెచ్‌ఎంసీ, హెచ్‌ఎండీఏ అనుమతుల్లో చాలావాటికి కట్టడంలో 10 శాతాన్ని బిల్డరు వాళ్లకు తనఖా పెడతారు, అది కింది అంతస్తుల్లోనే ఉంటుంది. కట్టడం అనుమతి ప్రకారమే ఉందని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే విడుదల. మీ ఫ్లాట్ నంబరు ఆ తనఖాలో ఉంటే తనఖా విడుదల డీడ్ చూపించమనండి. భూయజమానికీ బిల్డరుకూ మధ్య జరిగిన డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌లో ఆ ఫ్లాట్ భూయజమాని వాటాలోదా, బిల్డరు వాటాలోదా కూడా చూడాలి. వాటా లేని వాడు చేసిన డీడ్ నిలవదు.

అవిభక్త వాటా, అంటే స్థలంలో ఆ ఫ్లాటుకు వచ్చే భాగం, గజాల్లో రాసి ఉండాలి. స్థలం 1,000 గజాలు, ఒకే సైజు ఫ్లాట్లు 20 అయితే తలా 50 గజాలు రావాలి. 35 మాత్రమే రాశారంటే మిగతాది ఎవరికి పోయిందో అడగండి. అనుమతి లేని పై అంతస్తు వాళ్లకు అమ్మి ఉండొచ్చు.

ఏది కొన్నా అడ్వాన్స్ అగ్రిమెంట్‌లో "బ్యాంకు లీగల్ ఒపీనియన్ రాకపోతే 15 రోజుల్లో అడ్వాన్స్ మొత్తం వాపసు" అని రాయించుకోండి. ధర 50 లక్షలు, ఆ పైన అయితే అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి 1 శాతం టీడీఎస్ (ఆదాయ పన్ను) మీరే పట్టుకుని కట్టాలి.