బడి చెప్పిందని ఏడేళ్ల పిల్లవాణ్ణి ఏడీహెచ్‌డీ పరీక్షకు తీసుకెళ్లాలా?

మేడమీద_గది:
మా అబ్బాయికి ఈమధ్యే ఏడేళ్లు నిండాయి. తరగతిలో అందరికన్నా చిన్నవాడు. కుర్చీలో నిలవడు, ప్రశ్న పూర్తికాకముందే జవాబు అరిచేస్తాడు, తన వంతు వచ్చేదాకా ఆగలేడు, పెన్సిళ్లు పోగొట్టుకుంటాడు. అదే బొమ్మ ఇటుకలు ముందు పెడితే గంటలకొద్దీ తల ఎత్తడు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతిచురుకుదనం, తొందరపాటు ఉండే సమస్య) ఉందేమో నిపుణులకు చూపించమని టీచరు చీటీ రాసి పంపారు. ఇంట్లో పెద్దవాళ్లు ‘మగపిల్లలు అంతే’ అంటున్నారు. చూపించాలా, ఆగాలా?

మొండిఘటం:
జవాబు మీ రెండో వాక్యంలోనే ఉంది. తరగతిలో అందరికన్నా చిన్నవాడు! కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తొమ్మిది లక్షలకు పైగా పిల్లల రికార్డులు తిరగేసి 2012లో లెక్క తేల్చారు. అక్కడ బడిలో చేర్చుకోవడానికి డిసెంబరు 31 గడువు. డిసెంబరులో పుట్టినవాడు తరగతిలో చిన్నవాడు, జనవరిలో పుట్టినవాడు వాడికన్నా దాదాపు ఏడాది పెద్ద. జనవరి మగపిల్లలకన్నా డిసెంబరు మగపిల్లలకు ఏడీహెచ్‌డీ అని తేల్చడం 30 శాతం ఎక్కువ, మందు రాయడం 41 శాతం ఎక్కువ. ఆడపిల్లల్లో తేల్చడంలోనే తేడా 70 శాతం. పుట్టిన నెలను బట్టి వచ్చే జబ్బు ఎక్కడైనా ఉందా? రక్తపరీక్ష లేదు, స్కానింగు లేదు. చూపించకండి.

సుద్దముక్క:
నేను చిన్న తరగతులకు చాలాకాలంగా పాఠాలు చెబుతున్నాను. అల్లరి చేసిన ప్రతివాడికీ చీటీ రాస్తామనుకోవడం అన్యాయం. రక్తపరీక్ష మైగ్రేన్‌కూ లేదు, తలనొప్పి అబద్ధమా? అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన మానసిక సమస్యల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 ప్రకారం ఏడీహెచ్‌డీలో ధ్యాస నిలవకపోవడానికి తొమ్మిది లక్షణాలు, అతిచురుకుదనం, తొందరపాటులకు కలిపి తొమ్మిది ఉన్నాయి. పిల్లల్లో ఏదో ఒక వరసలో కనీసం ఆరు ఉండాలి. అవి ఆరు నెలలుగా ఉండాలి, వయసుకు తగనంతగా ఉండాలి. కొన్నయినా 12 ఏళ్లలోపే కనబడి ఉండాలి. ఒక్క బడిలోనే ఉంటే చాలదు, ఇల్లు వంటి మరోచోటా కనబడాలి. వీటివల్ల పిల్లవాడికి నిజంగా ఇబ్బంది కలుగుతుండాలి. ఇదంతా చూసి తేల్చేది వైద్యులు. చీటీ రాసిన టీచరు కాదు.

తూనీగ:
చక్కెర మాన్పించి చూడండి. మా మేనల్లుడికి బాగా తగ్గింది.

నిద్రగన్నేరు:
అది ఎప్పుడో తేలిపోయిన విషయమండీ. ఇచ్చింది చక్కెరో కాదో పిల్లలకూ ఇంట్లోవాళ్లకూ తెలియకుండా చేసిన ప్రయోగాలన్నీ కలిపి 1995లో లెక్కగట్టారు. ప్రవర్తనలో తేడా రాలేదు.

కిటికీ_పక్క:
ఇటుకల సంగతి చూసి మోసపోకండి. ఇష్టమైన పనిలో వీళ్లు ఒక్కోసారి మునిగిపోతారు. ఇష్టంలేని పని ముందున్నప్పుడు ధ్యాసను అటు తిప్పుకోలేకపోవడమే వాళ్ల బాధ. మొండిఘటం గారూ, మీ 30 శాతం లెక్కే తీసుకుందాం. జనవరి పిల్లల్లో వందమందికి ఏడీహెచ్‌డీ అని తేల్చినచోట డిసెంబరు పిల్లల్లో 130 మందికి తేల్చారు. ఆ అదనపు ముప్పై మంది గురించి మీరు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. మరి తరగతిలో పెద్దవాళ్లయి ఉండీ ఆ లెక్కలోకి వచ్చిన వందమంది మాటేమిటి?

మొండిఘటం:
ఆ ముప్పై మందిలో ఒకడు మీ ఇంటివాడైతే మిగిలిన వందమంది గురించి ఆలోచించరు. అయినా ఈ పిల్లల్లో మెదడు పైపొర ఎదుగుదల సగటున మూడేళ్లు ఆలస్యంగా నడుస్తుందని 2007లో అమెరికాలోనే చూపించారు. మిగతా పిల్లల్లో ఏడున్నరేళ్లకు వచ్చే దశ వీళ్లలో పదిన్నరకు వచ్చింది. ఆలస్యమంటే తరువాత వస్తుందనేగా? ఆగితే పోతుంది.

కిటికీ_పక్క:
ఆ మూడేళ్లూ పిల్లలు బడికి వెళ్లకుండా ఉండరు కదా. పైగా ఎదిగాక కూడా చాలామందిలో ఎంతోకొంత మిగిలే ఉంటుంది.

తూనీగ:
ఎవరూ అనరు గానీ, పెంపకంలో పట్టు తప్పితేనే ఇవన్నీ.

నిద్రగన్నేరు:
కవలలపై జరిగిన పరిశోధనల్లో వంశపారంపర్యం వాటా 70 శాతం పైనే తేలింది. తల్లిని తిట్టే ముందు తాతలను కూడా వరసలో నిలబెట్టాలి.

మొండిఘటం:
పుట్టిన నెల ప్రశ్నకు ఇప్పటికీ ఎవరూ జవాబు చెప్పలేదు. మందు మాట కూడా అనుకుందాం. ఏడీహెచ్‌డీకి ఏ చికిత్స మేలో పోల్చి చూడడానికి అమెరికాలో 579 మంది పిల్లలపై జరిగిన ఎంటీఏ పరిశోధన ఫలితాలు 1999లో వచ్చాయి. అందరూ దాన్నే చూపిస్తారు. మూడేళ్లు తిరిగేసరికి ఏ చికిత్స పొందిన గుంపైనా ఒక్కలాగే ఉందని మాత్రం చెప్పరు. మందు వాడుతూ వచ్చిన పిల్లల ఎత్తు పెరగడం కొంత మందగించిందనీ చెప్పరు.

సుద్దముక్క:
ఆ పరిశోధనలోనే మొదటి 14 నెలల వరకు, జాగ్రత్తగా మోతాదు సరిచూస్తూ మందు ఇచ్చిన పిల్లల్లో ముఖ్య లక్షణాలు మిగతావారికన్నా బాగా తగ్గాయి. ఆ తరువాత ఎవరికి తోచిన చికిత్స వాళ్లు తీసుకున్నారు. కొందరు మందు మానేశారు, కొందరు కొత్తగా మొదలుపెట్టారు. అలా కలిసిపోయాక గుంపుల తేడా ఎక్కడ మిగులుతుంది? మీరు ఒక్క పిల్లవాణ్ణి దృష్టిలో పెట్టుకుని మాట్లాడుతున్నారు. వాడి వెనక నేను తిరుగుతుంటే పాఠం ఆగిపోయే మిగతా పిల్లల గురించి కూడా కాస్త ఆలోచించండి.

మొండిఘటం:
ఇప్పుడు బయటపడింది! చీటీ పిల్లవాడి మేలు కోరి కాదు, తరగతి కదలకుండా ఉండడం కోసం. మా అమ్మాయి విషయంలో జరిగింది ఇదే. తరగతిలో అందరికన్నా చిన్నది. మందు వేయించకపోతే పంపవద్దని బడివాళ్లు ముఖం మీదే చెప్పారు. వేయించాం. ఆకలి పోయింది, నవ్వడం మానేసింది, రాత్రి నిద్ర లేదు. ‘ఇప్పుడు ఎంత బుద్ధిగా ఉందో’ అని టీచరు మెచ్చుకున్నారు. బడి మార్చి, ఒక తరగతి కింద చేర్పించి, వైద్యుణ్ణి అడిగి మందు ఆపించాం. తన ఈడువాళ్ల మధ్య మామూలుగా చదువుకుంటోంది. మీరంతా లెక్కలు చెబుతున్నారు. నేను మా ఇంట్లో జరిగింది చెబుతున్నాను.

సుద్దముక్క:
ఆ బడి చేసింది తప్పు. మందు వేయించమనే అధికారం ఏ టీచరుకూ లేదు. కానీ దాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టకండి. చీటీ రాసే ముందు ఎన్నిసార్లు ఆలోచిస్తామో మీకు తెలియదు. రాస్తే మీలాంటివాళ్లు తిడతారు. రాయకపోతే ముందే ఎందుకు చెప్పలేదని ఇంకొకరు తిడతారు.

కిటికీ_పక్క:
ఆ ఇంకొకరిని నేనే. మా అమ్మాయి కుర్చీలోంచి లేవదు, అరవదు, ఎవరి పాఠమూ ఆపదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది. ప్రతి ఏడాదీ ప్రగతి పత్రంలో ‘తెలివి ఉంది, మనసు పెట్టదు’ అని రాశారు. ధ్యాస మాత్రమే నిలవని రకం ఒకటుందనీ, ఆడపిల్లల్లో అది ఎవరి కంటా పడకుండా పోతుందనీ పద్నాలుగో ఏట తెలిసింది. అప్పటికే తను మొద్దునని నమ్మేసింది. దాని ముందు మందు ఎంత! తరగతికి ఇబ్బంది కలిగించలేదు కాబట్టి ఎవరూ చీటీ రాయలేదు. మొండిఘటం గారూ, లేని జబ్బు మీ పిల్లకు అంటగడతారని మీ భయం. ఉన్నదాన్ని ఎవరూ పట్టించుకోరని నా కోపం. ఇంతసేపూ మనం పుట్టిన నెల గురించి కొట్టుకున్నాం.

మొండిఘటం:
మీ కోపం అర్థమైంది. అయినా మొదటి మాట బడి నోట రాకూడదు. తల్లిదండ్రులు తమంతట తామే వెళ్తే నాకు అభ్యంతరం లేదు.

సుద్దముక్క:
ఇంట్లో ఒక్కడే పిల్లవాడైతే ఎవరితో పోల్చి చూస్తారు? ఒకే ఈడు పిల్లల్ని ఏళ్ల తరబడి చూసేది మేమే. మేము నోరు మూసుకుంటే కిటికీ_పక్క గారి అమ్మాయిలాంటివాళ్లే నష్టపోతారు. ఇక్కడ మీతో రాజీపడను.

మేడమీద_గది:
నా ప్రశ్న ఎవరికైనా గుర్తుందా?

నిద్రగన్నేరు:
గుర్తుందండీ. పిల్లల మనస్తత్వ నిపుణుల దగ్గర పనిచేస్తాను కాబట్టి రోజూ చూసేదే చెబుతున్నాను. చూపించండి. పరీక్ష చేయించడమూ మందు మొదలుపెట్టడమూ ఒకటి కాదు. చూపు, వినికిడి, నిద్ర ముందు చూడమనండి. సరిగా నిద్రలేని పిల్లవాడు కూడా ఇలాగే గంతులేస్తాడు. చదవడంలో ప్రత్యేకమైన ఇబ్బంది ఉందేమో కూడా అడగండి. తేలిన తరువాత ఆరేళ్లలోపు పిల్లలకైతే ముందు తల్లిదండ్రులకే శిక్షణ ఇస్తారు. మీవాడి వయసుకు దానితోపాటు మందు మాట కూడా రావచ్చు, అప్పుడు అడగవలసినవన్నీ అడగండి. బడి నుంచీ ఇంటి నుంచీ వివరాలు తీసుకోకుండా మొదటిరోజే మందు రాస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మొండిఘటం:
వివరాల ఫారంలో పుట్టిన నెల ఉంటుందా?

నిద్రగన్నేరు:
పుట్టిన తేదీ ఉంటుంది. తరగతిలో అందరికన్నా చిన్నవాడా అని చాలాచోట్ల అడగరు. అది తల్లిదండ్రులే చెప్పాలి, తోటి తరగతివాళ్లతో కాక ఈడువాళ్లతో పోల్చమనాలి. ఆ విషయంలో మీ మాట నిజం.

మేడమీద_గది:
టీచరును ఏమి రాసివ్వమనాలి?

సుద్దముక్క:
ఏ పాఠంలో, ఏ వేళ, ఎంతసేపు, ముందు ఏమి జరిగింది, తరువాత ఏమి జరిగింది. రెండు వారాలు చూసి రాయమనండి. వీలైతే ఆటల టీచరునూ వేరుగా రాయమనండి. ‘అల్లరి ఎక్కువ’ అని ఒక్క ముక్క రాసిస్తే తిప్పి పంపండి.