పన్నెండు లక్షల దాకా పన్ను లేదు సరే, లక్షా పది వేలు ఎవరికి మిగిలాయి?

బ్రాడీపేట అధ్యాపకుడు, గుంటూరు:
కొత్త విధానంలో (మినహాయింపులు తక్కువగా, రేట్లు తక్కువగా ఉండే పన్ను పద్ధతిలో) 12 లక్షల రూపాయల వరకు ఆదాయపు పన్ను ఉండదని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2025 ఫిబ్రవరి 1న ప్రకటించినప్పటి నుంచి, ఇది మధ్యతరగతికి దక్కిన వరమన్న మాటే మా స్టాఫ్ రూములో వినిపిస్తోంది. నాకు నమ్మకం కుదరక 2024–25 స్లాబుల (ఆదాయాన్ని అంచెలుగా విడగొట్టి ఒక్కో అంచెకు పెట్టిన పన్ను రేట్ల) పక్కన 2025–26 స్లాబులను పెట్టి లెక్క వేశాను. పన్ను మీద అదనంగా వేసే 4 శాతం సెస్సును వదిలేసి, జీతగాళ్లకిచ్చే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేశాక మిగిలే ఆదాయం మీదనే వేసిన లెక్క ఇది. 7 లక్షలవారికి అంతకుముందూ సున్నాయే, ఇప్పుడూ సున్నాయే. 8 లక్షలవారికి 30,000, 12 లక్షలవారికి 80,000, 24 లక్షలవారికి 1,10,000 మిగులుతోంది. 50 లక్షలవారికి కూడా అదే 1,10,000. ఈ మార్పుతో సుమారు లక్ష కోట్ల రాబడి వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. చిన్న ఆదాయాల పేరు చెప్పి పెద్ద ఆదాయాలకు పెద్ద ముద్ద పెట్టారన్నది నా వాదన. కాదనేవారు లెక్కతోనే కాదనాలని మనవి.

బెంజ్ సర్కిల్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విజయవాడ:
మాస్టారూ, మీరు చెప్పిన ఆ 24 లక్షలవాణ్ణి నేనే కాబట్టి నా మాటలో స్వార్థం ఉందనుకున్నా ఫరవాలేదు. మీరు రూపాయలు లెక్కపెట్టారు గానీ, ఆ రూపాయలు ఎవరి ఆదాయంలో ఎన్నో వంతో చూడలేదు. 12 లక్షలవారికి మిగిలింది ఆదాయంలో 6.67 శాతం, నాకు మిగిలింది 4.58 శాతం, 50 లక్షలవారికి 2.2 శాతమే. పైగా తగ్గించిన తర్వాత కూడా నేను 3 లక్షలు కడుతున్నాను, 12 లక్షలవారు ఒక్క రూపాయి కూడా కట్టడం లేదు. ఇక 7 లక్షలవారి మాటంటే, అసలు కట్టని పన్నులో ఎవరికైనా ఎలా తగ్గిస్తారు?

గవర్నర్‌పేట ఆడిటర్, విజయవాడ:
ఇద్దరి అంకెలూ సరైనవే. అయితే ఈ మార్పులో రెండు వేర్వేరు పనిముట్లు ఉన్నాయన్న సంగతి ఇద్దరూ వదిలేశారు. స్లాబులు మెట్ల వంటివి; పై మెట్టు మీద నిలబడేవారు కింది మెట్లన్నీ తొక్కే పైకి వెళతారు కనుక, కింది మెట్టు మీద పన్ను తగ్గిస్తే ఆ లాభం పైవారికి కూడా పూర్తిగా అందుతుంది. 24 లక్షలు దాటిన చోట స్లాబులన్నీ అయిపోయి 30 శాతమే మిగులుతుంది కాబట్టి, 50 లక్షలవారి లాభం కూడా 1,10,000 దగ్గరే ఆగింది. 12 లక్షలవారి పన్ను సున్నా కావడానికి కారణం మాత్రం స్లాబులు కావు. కొత్త స్లాబుల ప్రకారం కూడా వారు 60,000 కట్టవలసిందే. దాన్ని 2025–26కు 87ఏ సెక్షన్ కింద రిబేటుగా, అంటే లెక్క తేలిన పన్నులోంచి ఇచ్చే తగ్గింపుగా, మాఫీ చేస్తున్నారు. షేర్లు అమ్మగా వచ్చిన లాభం మీది పన్నుకు ఈ రిబేటు వర్తించదు, అది వేరే సంగతి.

కాబట్టి ఉద్దేశం 12 లక్షల లోపువారిని ఆదుకోవడమే అయితే, పాత స్లాబులను కదపకుండా రిబేటును 80,000కు పెంచినా సరిపోయేది, పైవారికి ఏమీ వెళ్లేది కాదు. అలా చేస్తే 12 లక్షలకు కాస్త పైన ఉన్నవారు ఒక్కసారిగా గోతిలో పడతారు కదా అంటే, అందుకు మార్జినల్ రిలీఫ్ ఉంది: 12,10,000 ఆదాయం ఉన్నవారు ఈ రోజు కట్టేది 61,500 కాదు, హద్దు దాటిన 10,000 మాత్రమే. ఇక మీ పట్టికలో లేని 16 లక్షలవారిని చూడండి. వారికి రిబేటూ లేదు, స్లాబుల లాభమూ సగం కంటే తక్కువే అందుతుంది, మిగిలింది 50,000. అంటే కింద 12 లక్షలవారికంటే తక్కువ, పైన 24 లక్షలవారికంటే తక్కువ. నా దగ్గరికి రిటర్నులు తెచ్చేవారిలో ఎక్కువ సణుగుడు వీరిదే.

వన్‌టౌన్ గుమాస్తా, విజయవాడ:
అయ్యా, నేను బట్టల కొట్టులో పని చేస్తాను, జీతం నెలకు 21,000. ఆదాయపు పన్ను నేను ఎన్నడూ కట్టలేదు కాబట్టి ఈ లెక్కల్లో నేను ఎక్కడా కనిపించను. కానీ రాష్ట్రం వేసే వృత్తి పన్ను కింద నా జీతంలో నెలకు 200 కోస్తారు. 24 లక్షలవారికి కోసేదీ ఆ 200 రూపాయలే. ఏడాదికి 2,400 అంటే నా ఆదాయంలో ఒక శాతానికి రవ్వంత తక్కువ, వారి ఆదాయంలో శాతంలో పదో వంతు. సాఫ్ట్‌వేర్ బాబు గారు వంతులు చూడమన్నారు గనుక చెబుతున్నాను. నా ఇంటికి ఏదైనా తగ్గిందంటే అది 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, టూత్‌పేస్టు, తలనూనెల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగడం వల్లనే.

బ్రాడీపేట అధ్యాపకుడు, గుంటూరు:
వంతుల సంగతి ఒప్పుకుంటున్నాను. పెద్ద ముద్ద అన్న మాటను స్లాబుల వరకే పరిమితం చేసుకుంటాను. రిబేటు మీద నాకు అభ్యంతరం లేదు. కానీ వంతుల వాదన కూడా 7 లక్షలు దాటినవారి దగ్గరే మొదలవుతుంది, గుమాస్తా గారి దాకా రాదు. కట్టని పన్నులో ఎలా తగ్గిస్తారన్న ప్రశ్నకు సమాధానం ఆయన రాసిన దాంట్లోనే ఉంది: ఆయన కడుతున్న పన్నులో తగ్గించాలి. ఆడిటర్ గారూ, వృత్తి పన్నును పైవారికి పెంచి కిందివారికి తీసేసే వీలు లేదా?

గవర్నర్‌పేట ఆడిటర్, విజయవాడ:
పెంచే వీలు లేనట్టే, మాస్టారూ. రాజ్యాంగంలోని 276వ అధికరణం ప్రకారం ఒక మనిషి నుంచి ఏడాదికి 2,500కు మించి వృత్తి పన్ను వసూలు చేయకూడదు. మన రాష్ట్రం ఇప్పటికే 2,400 దగ్గర ఉంది. తీసేయడం మాత్రం పూర్తిగా రాష్ట్రం చేతిలో పని. నెలకు 15,000 దాటితే 150, 20,000 దాటితే 200 అన్న గీతలను ఎంత పైకి జరిపినా అడ్డు చెప్పేవారు లేరు. అన్నట్టు, కొత్త విధానంలో ఆ 2,400ను జీతంలోంచి మినహాయించి చూపడం కుదరదు. అయితే ఆ ఇబ్బంది సాఫ్ట్‌వేర్ వారిదే గానీ గుమాస్తా గారిది కాదు.