క్వెస్ట్ కథల్లో మనల్ని పట్టి ఉంచేది ఓటా, రచనా?

అర్ధరాత్రి_పాఠకుడు:
క్వెస్ట్ అంటే తెలియని వాళ్ల కోసం ముందుగా ఒక మాట. రచయిత ఒక భాగం రాసి "ఇప్పుడేం చేద్దాం?" అని ఆపుతాడు, పాఠకులు ఓటేస్తారు, గెలిచినదాన్ని బట్టి తర్వాతి భాగం వస్తుంది. మొన్న ఒక ఫ్రెండ్ "ఓటు వట్టి ఎర, బాగా రాస్తే ఓటు లేకపోయినా చదువుతారు" అన్నాడు. నేను అస్సలు ఒప్పుకోను.

నేను చదివే ఒక క్వెస్టులో ఊరికి వరదొచ్చింది. ధాన్యం కొట్టు కాపాడాలా, వంతెన కాపాడాలా అని ఓటు. ధాన్యం కోసం రాత్రి రెండింటి దాకా కూర్చుని పేజీడు వాదన రాశాను, రెండు ఓట్ల తేడాతో గెలిచాం. మూడు భాగాల తర్వాత ఊళ్లో ఓ పసివాడికి జ్వరం ముదిరింది, వైద్యురాలేమో అవతలి ఒడ్డున ఉండిపోయింది. వంతెన తాళ్లు పీచులు లేచాయని రచయిత మొదటి భాగంలోనే ఒక్క వాక్యంలో చెప్పాడు, మేమే పట్టించుకోలేదు. ఆ పసివాడి చావు మామూలు నవల్లో చదివుంటే బాధపడేవాణ్ణి అంతే, ఇక్కడ మాత్రం అది నా పని అనిపించింది.

తెల్లకాగితం:
మీ బాధ అర్థమైంది గానీ, ఆ తాళ్ల వాక్యం రాసింది రచయితే కదండీ. 2009లో మొదలైన హోమ్‌స్టక్ అనే వెబ్‌కామిక్ (నెట్‌లో వచ్చే బొమ్మల కథ) చూడండి. మొదట్లో పాఠకుల సూచనలతోనే నడిచింది, జనం మరీ ఎక్కువయ్యాక సూచనలు తీసుకోవడం ఆపేశారు. అయినా చదివేవాళ్లు తగ్గలేదు, ఇంకా పెరిగారు. ఓటే ప్రాణమైతే అది అక్కడే ఆగిపోవాలి. పైగా ఓటింగ్‌లో ఎప్పుడూ జాగ్రత్త దారే గెలుస్తుంది, హీరో తప్పు చేయడానికి జనం ఒప్పుకోరు. తప్పు చేయని హీరోతో కథేముంటుంది?

బావిగట్టు:
నేను రాసే వైపు నుంచి చెప్తాను. మా కజిన్స్ వాట్సాప్ గ్రూపులో తెలుగులో ఒకటి నడిపాను. మొదటి రెండు వారాలు ఎడమ దారా, కుడి దారా అని అడిగాను. ఎటు వెళ్లినా ఒకే ఇల్లు వస్తుందని వాళ్లకి తెలిసిపోయింది, మూడో వారానికి ఓటేసింది ఇద్దరే. అప్పుడు ఆప్షన్లు ఇవ్వడం మానేసి "మీరే చెప్పండి" అన్నాను. మా చెల్లి "తలుపు కొట్టొద్దు, ముందు పెరట్లో బావి దగ్గర ఎవరు నీళ్లు తోడుతున్నారో చూద్దాం" అంది. నా కథలో అసలు బావే లేదు! ఆ రాత్రి కూర్చుని బావి పెట్టాను, నీళ్లు తోడే ముసలామెను పెట్టాను, చివరికి కథంతా ఆమెదే అయింది. కాబట్టి తెల్లకాగితం గారూ, ఓటు వట్టి ఎర అన్న ఆ ఫ్రెండ్ మాట తప్పు. ఉత్తుత్తి ఆప్షన్లు ఎర, నిజం.

అర్ధరాత్రి_పాఠకుడు:
@తెల్లకాగితం హోమ్‌స్టక్ సంగతి నిజమే, ఒప్పుకుంటాను. కానీ అప్పటికే వాళ్లందరూ ఆ పాత్రల్ని సొంతం చేసుకున్నారు, ఆ సొంతం మొదటి సూచనల నుంచే వచ్చిందని నా నమ్మకం. ఇంకో సంగతి, 1982లో బ్రిటన్‌లో వచ్చిన 'ది వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్' అనే పుస్తకంలో 400 నంబర్ల ముక్కలుంటాయి, ఎటు వెళ్లాలో మనమే ఎంచుకోవాలి. అది చదివేటప్పుడు పాత పేజీలో వేలు పెట్టుకుని ఉంచేవాణ్ణి, చచ్చిపోతే వెనక్కి రావచ్చని. అందుకే ఎప్పుడూ టెన్షన్ పడలేదు. క్వెస్టులో ఆ వేలు పెట్టే వీలు లేదు, మనతో ఓడిపోయిన వాళ్లు కూడా అదే దారిలో నడవాలి. జాగ్రత్త దారే గెలుస్తుందన్నది మాత్రం సగమే నిజం. జాగ్రత్తకి కూడా రచయిత ఖరీదు కట్టాలి, మా ధాన్యం ఓటు జాగ్రత్త దారే మరి.

ఇప్పుడు అదే క్వెస్టులో కొత్త వంతెన ఎక్కడ కట్టాలని ఓటు నడుస్తోంది. రేపు రాత్రి ముగుస్తుంది. ఈసారి మొదటి భాగం నుంచి మళ్లీ చదువుతున్నాను.