తుమ్మలపల్లె బోర్లలోని యురేనియం గనిదా, రాతిదా?

రాళ్లసీమ: కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం శుద్ధి కర్మాగారపు వ్యర్థాలు కె.కె.కొట్టాల దగ్గరి చెరువుకు చేరతాయి. చుట్టుపక్కల బోర్లలోని యురేనియం ఆ చెరువు నుంచి ఊరిందా, రాతిలో ఎప్పటినుంచో ఉందా అన్నది వివాదం. లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటిన ప్రతి బోరునూ కలుషితమైనదిగానే లెక్కించాలని నా వాదన.

భూరసాయని: ఆ 30 ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన తాత్కాలిక విలువ, 15గా ఉన్నదాన్ని 2011లో 30కి పెంచిందీ ఆ సంస్థే. మన అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి 60. పైగా అక్కడి ఖనిజం సున్నపురాయి జాతికి చెందిన కార్బొనేట్ రాతిలో ఉంది, బైకార్బొనేట్ ఉన్న నీటిలో యురేనియం తేలికగా కరిగి కదులుతుంది కనుక, గని తవ్వని చోట కూడా 30 దాటవచ్చు.

రాళ్లసీమ: 30 మూత్రపిండాలకు జరిగే హానిని చూసి పెట్టినది, 60 రేడియోధార్మికతను చూసి పెట్టినది. ఆ నీళ్లు తాగేవారికి మూత్రపిండాలు లేవనుకున్నారా?

వేరుశెనగ: రేడియోధార్మికతను పసిగట్టే గీగర్ కౌంటరు పట్టుకెళ్లి బోరు దగ్గర పెడితే తేలిపోదా?

భూరసాయని: తేలదండీ. 30 మైక్రోగ్రాముల యురేనియం నుంచి సెకనుకు సగటున ఒక్క పరమాణువు కూడా విఘటనం చెందదు, అంటే విరిగి కిరణం వెలువరించదు. నీటిని వడగట్టి, నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి సీసాలో భద్రపరిచి, ప్రయోగశాలలో ఫ్లోరిమీటరుతో, అంటే యురేనియం వెలువరించే కాంతిని బట్టి లెక్కించే పరికరంతో కొలవాలి.

నల్లగొండ వాసి: మా ఊరి బోరు నీటిని కూడా ఒక కార్యాలయం వారు అలాగే సీసాల్లో పట్టుకెళ్లారు. ఫలితం అడిగితే పైవారికి పంపామన్నారు, అంతే. మా అమ్మకు మూత్రపిండాల జబ్బు. మీ 30తో, 60తో నాకేం పని?

భూరసాయని: మీ బాధ అర్థమవుతుంది, కానీ అది తుమ్మలపల్లెకు సాక్ష్యం కాదు.

రాళ్లసీమ: సాక్ష్యాలన్నీ మీ బీరువాలో పెట్టుకుని మమ్మల్ని సాక్ష్యం తెమ్మంటారా? ఎవరి జీతం తింటున్నారు మీరు?

భూరసాయని: అణుశక్తి శాఖలో నేను ఒక్క రోజూ పనిచేయలేదు, మాట జాగ్రత్త. అక్కడ ఖనిజాన్ని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌లతో కరిగిస్తారు. చెరువుకు దిగువనున్న బోర్లలో యురేనియంతో పాటు సోడియం కూడా పెరిగి, ఎగువ బోర్లలో పెరగకపోతే అప్పుడు చెరువును అనుమానించాలి. గనికి ముందునాటి విలువలతో పోల్చకుండా ఏ అంకె చెప్పినా వృథా.

రాళ్లసీమ: అసలు గొడవ అక్కడే ఉంది. గని అణుశక్తి శాఖది, చుట్టుపక్కల నీటిని పరీక్షించే ప్రయోగశాల భాభా అణు పరిశోధన కేంద్రానిది, అదీ అదే శాఖ కిందిది. నియంత్రణ మండలి కూడా ఇన్నేళ్లూ అణుశక్తి సంఘానికే జవాబు చెప్పుకుంటూ వచ్చింది. వారి కొలతలు తప్పని నేననడం లేదు. ఏ బోరులో, ఏ నెలలో, ఎంత ఉందో ఊరి సచివాలయం గోడకు అంటించమంటున్నాను.

భూరసాయని: వివరణ లేకుండా అంటిస్తే మరునాటికి ఆ పొలం కొనేవాడుండడు. ఆ నష్టం మీరు భరిస్తారా?

నల్లగొండ వాసి: పొలం అమ్ముకోవడం సంగతి రైతు చూసుకుంటాడు. తాగే నీటిలో ఏముందో అతనికి చెప్పండి చాలు.

రాళ్లసీమ: పైగా యురేనియం తీసేశాక కూడా ఖనిజపు రేడియోధార్మికతలో సుమారు 85 శాతం వ్యర్థాలలోనే మిగులుతుంది. అందులోని థోరియం-230 అర్ధజీవితం, అంటే అది సగానికి తగ్గడానికి పట్టే కాలం, దాదాపు 75,000 ఏళ్లు. గని మూతపడ్డాక ఆ బోర్లను పరీక్షించేది ఎవరో, ఆ ఖర్చు ఎవరిదో ముందు చెప్పండి, పొలం ధర గురించి తర్వాత మాట్లాడుకుందాం.